శ్రీశైలం ఘాట్‌లో బండి బీప్ కొడితే...

మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపారు. ఎక్కువ ట్రిప్పులు శ్రీశైలం రూట్లోనే. అలాంటి మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని అదే ఘాట్‌లో డ్రైవ్ చేయడం ముందు మా ఆఫీసు కోడ్ రివ్యూ ఎంత!

పోయిన ఆగస్టులో డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిసి, ఓ శనివారం తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బయల్దేరాం. నాన్న, అమ్మ, నా భార్య, రెండేళ్ల పాప. బండి కొత్త ఆటోమేటిక్ ఎస్‌యూవీ.

ఇంటి ముందే గొడవ మొదలైంది. వెనక సీటు సందులో ఐసోఫిక్స్ అని రెండు ఇనుప కొక్కేలుంటాయి. చైల్డ్ సీటు వాటికి టక్కున పట్టేస్తుంది. అమ్మకి అది నచ్చలేదు. "నా ఒళ్లో పడుకుంటది కదరా, కుర్చీకి కట్టేసుడేంది?" అంది. లెక్క చెప్పాను. 50 కిలోమీటర్ల స్పీడులో ఉన్న బండి దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోతే, 11 కిలోల పాపని ఆపడానికి 150 కిలోలు మోసేంత బలం కావాలి. ఏ నానమ్మ చేతులకీ అంత బలం ఉండదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టు, చైల్డ్ సీటు లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయలు ఫైన్ అని కూడా చెప్పా. అమ్మ ఫైన్‌కి తగ్గింది, ఫిజిక్స్‌కి కాదు.

హైవే ఎక్కాక అడాప్టివ్ క్రూజ్ ఆన్ చేశా. ముందు బండి స్లో అయితే మనదీ అదే స్లో అవుతుంది, అది వెళ్లిపోతే మళ్లీ అందుకుంటుంది. లేన్ అసిస్ట్ స్టీరింగ్‌ని కొద్దిగా తిప్పేసరికి నాన్న ఉలిక్కిపడ్డారు. "ఎవరు తిప్పుతున్నార్రా?" గీతలు చెరిగిపోయిన చోట దానికీ ఏం తోచదు. రాంగ్ రూట్లో బైకులు వచ్చే ఊళ్ల దగ్గరైతే మరీను. ఆపేశా.

కల్వకుర్తి దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్ మీద పసుపు లైటు. వెనక ఎడమ టైరులో గాలి 33 నుంచి 26కి పడిపోయింది. నాన్న దిగి టైరుని కాలితో తన్ని చూసి "బాగానే ఉంది పద" అన్నారు. నేను వినలేదు. పంక్చర్ షాపు కుర్రాడు సబ్బు నీళ్లు పోస్తే బుడగలొచ్చాయి. మేకు! మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. చాలా చోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. టైరు తన్నడం గురించి నాన్న మళ్లీ మాట్లాడలేదు.

వటవర్లపల్లి దగ్గర కోతులు. కార్లలోంచి అరటిపళ్లు విసిరే పుణ్యాత్ముల వల్ల అవి రోడ్డు మీదే కాపురం పెట్టాయి. ఓ పిల్లకోతి సడన్‌గా అడ్డం దూకింది. ఆటోమేటిక్ బ్రేకింగ్‌కి ముఖ్యంగా బండ్లు, మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పుతారు, కోతుల్ని కాదు. బండి బీప్ కూడా కొట్టలేదు. నేనే బ్రేకు తొక్కా. కాలి కింద పెడల్ దడదడలాడింది, అంటే ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట. బండి పక్కకి జారకుండా నిలబడింది. వెనక సీటు మీది ఫ్లాస్క్ ఎగిరొచ్చి గేరు దగ్గర పడింది. పాప మాత్రం సీట్లో అలాగే ఉంది, నిద్ర కూడా చెడలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగుడు. "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి" అన్నారు నాన్న. ఆటోమేటిక్‌ని అలాగే డీలో వదిలేస్తే అది పై గేరుకి పోతుంది, మనం బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగాలి, బ్రేకులు వేడెక్కిపోతాయి. స్టీరింగ్ వెనక పాడిల్ నొక్కి రెండో గేరులో పెట్టా. నాన్న ఇంజిన్ శబ్దం విని తలూపారు. షోరూంలో గొప్పగా చెప్పిన హిల్ డిసెంట్ కంట్రోల్‌ని ముట్టుకోనేలేదు. అది రాళ్ల దారుల్లో, బాగా నిటారు దిగుళ్లలో నత్తనడకన దిగడానికి. ఈ తారు రోడ్డుకి అక్కర్లేదు.

కృష్ణ దాటి అవతలి కొండ ఎక్కేటప్పుడు ఫుల్ ట్రాఫిక్. ముందు కార్లలో పిల్లలు సన్‌రూఫ్‌లోంచి నిలబడి గేట్ల దగ్గర ఎగిసే నీళ్లని వీడియో తీస్తున్నారు. చూస్తుంటే నాకే ఒళ్లు జలదరించింది. ఆటో హోల్డ్ ఆన్ చేసి బ్రేకు మీద కాలు తీసేశా. అంత ఎక్కుడులోనూ బండి అంగుళం వెనక్కి పోలేదు.

"ఇట్లాంటి చోట నిండు బస్సుతో, సగం క్లచ్ మీద గంట నిలబెట్టినా" అన్నారు నాన్న, మోకాలు రుద్దుకుంటూ. ఆ మోకాలికే పోయినేడాది ఆపరేషన్ అయింది.

దర్శనం అయ్యాక సాయంత్రం ఐదింటికే తిరుగు ప్రయాణం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి గేట్లు మూసేస్తారు. అమ్మ వెనక కూర్చుని, నేను చెప్పకముందే పాప బెల్టు బిగించి, లోపల రెండు వేళ్లు పెట్టి చూసింది. ముందు నాన్న చెయ్యి చాపారు.

"కీ ఇటివ్వు. గీతల మిషను ఆపేసినవా?"

ఆపేశానని చెప్పా. ఆయన బెల్టు పెట్టుకుని, రెండో గేరు పాడిల్ ఎక్కడుందో అడిగారు.