పాలగిన్నె కన్నా ముందు

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. ఎలుకల బెడద వదలాలని రాయలవారు ఇంటికో పిల్లిని, దాన్ని సాకడానికి ఓ ఆవును ఇప్పించారట. అందరి పిల్లులూ పాలు తాగి బొద్దుగా తయారైతే, రామకృష్ణుడి పిల్లి మాత్రం పాలగిన్నె కనబడగానే పరుగు లంకించుకునేది. మొదటి రోజే సలసల కాగిన పాలు పెట్టి దాని మూతి కాల్చాడు మరి. కథ విన్నవాళ్లు కవి తెలివికి నవ్వుకుంటారు. ఆ పిల్లి నోరు ఎంత మండి ఉంటుందో ఎవరూ అడగరు. ఇంకో ప్రశ్న కూడా ఎవరూ అడగరు: అసలు పిల్లికి పాలెందుకు?

ఆ ప్రశ్న ఇవాళ్టి ఇళ్లకు బాగా పనికొస్తుంది. సెల్లార్లో కారు కింద దొరికిన గుప్పెడంత కూనను పిల్లలు ఎత్తుకొచ్చినా, తెలిసినవాళ్లింట్లో పిల్లి ఈనితే ఒకదాన్ని ముచ్చటపడి తెచ్చుకున్నా, మొట్టమొదట జరిగే పని ఒకటే. ఫ్రిజ్‌లోంచి పాలపాకెట్ బయటికొస్తుంది. కానీ తల్లి పాలు మరిచే వయసు నుంచీ పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పిల్లులకు తగ్గుతూ వస్తుంది. తల్లిపిల్లి పాలలో ఉండే మాంసకృత్తుల్లో సగం కూడా ఆవుపాలలో ఉండవు. అందుకే ఆ గిన్నెడు పాలు చాలా కూనలకు విరేచనాలు తెచ్చిపెడతాయి. అరకిలో బరువున్న ఒంట్లో నీరు ఎంత ఉంటుంది గనక? ఒక్క రోజు విరేచనాలకే వాడిపోతుంది. నాలుగు వారాలు నిండని కూనకు పిల్లికూనల కోసమే తయారయ్యే పాలపొడి పెంపుడు జంతువుల షాపుల్లో, పశువైద్యుల దగ్గర దొరుకుతుంది. ఆ వయసు దాటాక మెత్తటి మాంసాహారం అలవాటు చేస్తూ, పక్కన మంచినీళ్లు పెడితే చాలు.

పాల తర్వాత వచ్చేది పెరుగన్నం. ప్రేమగా కలిపి పెడతారు, పిల్లి తింటుంది కూడా. తిన్నదంతా ఒంటికి సరిపోతుందని కాదు. పిల్లి పుట్టుకతోనే పూర్తి మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని కుక్క చాలావరకు తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. పిల్లికి ఆ పని సరిగా చేతకాదు, మాంసం నుంచే అందాలి. టారిన్ అందని పిల్లుల కంటి వెనక పొర దెబ్బతిని చూపు పోతుందని 1975లో బయటపడింది. 1987లో పాల్ పయాన్ అనే అమెరికన్ పశువైద్యుడు, ఆయన సహచరులు మరో సంగతి రుజువు చేశారు. గుండె ఉబ్బిపోయి చనిపోతున్న ఎన్నో పిల్లుల జబ్బుకు మూలం అదే లోటని, టారిన్ ఇస్తే వాటి గుండె మళ్లీ కోలుకుంటోందని. ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల తిండిలో టారిన్ పెంచాయి. కుక్క ఉన్న ఇంట్లో ఆ కుక్క తిండే పిల్లికీ వేయడం ఎందుకు తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. క్యారెట్టు, గుమ్మడికాయ తిని విటమిన్ ఎ తయారుచేసుకోవడం కూడా దానికి రాదు. పిల్లికి తీపి రుచే తెలియదు. ఆ రుచిని పట్టే జన్యువు పాడైపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు 2005లో చూపించారు.

ఇది శాకాహారపు ఇళ్లలో చిక్కు ప్రశ్నే. గుడ్డు కూడా వండని వంటింట్లోకి మాంసం తేవడం కష్టం, ఆ కష్టాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అలాంటివాళ్లు కూనల కోసం చేసిన పాకెట్ తిండి వంటింటి బయట పెట్టుకుని వేయొచ్చు. అదీ మనసొప్పకపోతే పిల్లిని తెచ్చుకోకపోవడమే దానికి మేలు. పప్పన్నం మీద పిల్లిని పెంచాలనుకోవడం దాని ఒంటికి చేసే అన్యాయం. మాంసం వండే ఇళ్లలో వేరే ప్రమాదం ఉంది. చేపల పులుసులోంచి తీసిన ముక్కకు ఉల్లి, వెల్లుల్లి పట్టి ఉంటాయి. అవి రెండూ పిల్లి ఎర్ర రక్తకణాలను చిదిపేస్తాయి. కూనకు పెట్టే ముక్కను ఉప్పూ కారం లేకుండా విడిగా ఉడికించాలి, ముల్లూ ఎముకా ఏరేయాలి.

ఇంతకీ కూన ఏ వయసులో ఇంటికి రావాలి? పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దవాళ్లు అంటారు. ఆ మాటలో మంచి పరిశీలన ఉంది. జాగా మీద అనుమానం వస్తే తల్లి ఒక్కొక్క కూననే నోట కరుచుకుని కొత్త చోటికి చేరుస్తుంది. సరిగ్గా ఆ మధ్యలో, అటక మీదో జనరేటర్ వెనకో ఒంటరిగా కనిపించిన కూనను దిక్కులేనిదనుకుని మనుషులు ఎత్తుకుపోతారు. ఒళ్లు శుభ్రంగా, పొట్ట నిండుగా ఉండి నిద్రపోతున్న కూనకు తల్లి దగ్గర్లోనే ఉంటుంది. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. ఒళ్లు చల్లబడి, మురికిపట్టి, ఆగకుండా అరుస్తుంటే మాత్రం చేతుల్లోకి తీసుకోవాల్సిందే. అప్పుడు కూడా ముందు వెచ్చదనం, తర్వాతే తిండి. చల్లబడ్డ ఒళ్లు ఏమీ అరిగించుకోలేదు. మూడు వారాలలోపు కూనలకు తమంతట తాము మూత్రం పోయడం కూడా రాదు. తల్లి నాకి చేయించే ఆ పనిని తడి దూదితో తుడుస్తూ మనిషి చేయించాలి.

తల్లి ఉన్న కూన కనీసం ఎనిమిది వారాలు దాని దగ్గరే ఉండాలి, పన్నెండు వారాలైతే ఇంకా మంచిది. ఫిన్లండ్‌లో దాదాపు 6 వేల పిల్లుల వివరాలు సేకరించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది వారాల ముందే తల్లికి దూరమైనవాటిలో దుడుకుతనం ఎక్కువగా కనిపించింది. కొరికితే ఎదుటిదానికి నొప్పెడుతుందని కూన నేర్చుకునేది తోబుట్టువులతో కుస్తీ పట్టేటప్పుడే. ఇంకోవైపు, రెండో వారం నుంచి ఏడో వారం మధ్య మనిషి చెయ్యి తగిలిన కూనలే పెద్దయ్యాక మనుషులకు బాగా మాలిమి అవుతాయని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980లలో చేసిన ప్రయోగాలు చెప్పాయి. కాబట్టి తల్లి దగ్గర ఉన్నప్పుడే రోజూ వెళ్లి కాసేపు ఎత్తుకుని రావడం అన్నిటికన్నా మంచి పద్ధతి.

జాతి గురించి రెండు మాటలు. హైదరాబాదు షాపుల్లో ఎక్కువగా కనబడే చప్పిడి ముక్కు పర్షియన్‌కు కళ్లు కారతాయి, ఎండాకాలం ఊపిరి కష్టమవుతుంది, రోజూ దువ్వకపోతే బొచ్చు అట్టలు కడుతుంది. మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు ఆ జాతిలో వంశపారంపర్యంగా ఉంది. వీధిలో పుట్టిన మామూలు పిల్లికి ఈ బాధలు చాలా తక్కువ. వీలైతే ఒకే ఈతలో పుట్టిన రెండింటిని తెచ్చుకుంటే అవి ఒకదానికొకటి తోడు.

ఇక ఇల్లు. పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ పూట ఆ ఇంట్లో వంట లేదని అర్థం. వెచ్చటి బూడిదలో పడుకునే పిల్లిని చూసి పుట్టిన మాట అది. కట్టెల పొయ్యి పోయినా పిల్లికి వెచ్చదనం మీద మోజు పోలేదు. ఇప్పుడు అది వాషింగ్ మెషీన్ డ్రమ్ములో, ఫ్రిజ్ వెనక, కారు బానెట్ లోపల దూరుతుంది. మెషీన్ తలుపు మూసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడటం, కారు తీసే ముందు బానెట్ మీద నాలుగు దెబ్బలు చరచడం అలవాటు చేసుకోవాలి.

తెలుగిల్లు శుభ్రతకు గుర్తుగా భావించే ఫినాయిల్ వాసనే పిల్లికి పెద్ద గండం. తడి నేల మీద నడిచి, ఆ పాదాలనే నాకుతుంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా బలహీనం. పారాసిటమాల్ దానికి విషం కావడానికీ ఇదే కారణం. మనిషి జ్వరానికి వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. ఒళ్లు వెచ్చగా ఉందని జాలిపడి అర మాత్ర నూరి పోసేవాళ్లు ఉన్నారు. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు, బీరువాలోని కలరా ఉండలు, పెరట్లోని గన్నేరు కూడా ఇదే వరసలో చేరతాయి. పూల సంగతి కాస్త విడమరచాలి. మన పూల బజారులో లిల్లీ అంటే రజనీగంధ, అది అసలు లిల్లీ కుటుంబం కాదు. పుట్టినరోజు బొకేల్లో వచ్చే పెద్ద రేకుల అసలు లిల్లీలే భయంకరమైనవి. ఆకు కొరికినా, ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా పిల్లి మూత్రపిండాలు రోజుల్లోనే చెడిపోతాయి.

దారం మాటేమిటి? పిల్లి నాలుక మీది ముళ్లన్నీ గొంతు వైపుకే వంగి ఉంటాయి. దారం కొస ఒకసారి నోట్లోకి వెళ్లిందా, ఉమ్మేయడం దానికి కష్టం, మింగుతూనే పోతుంది. సాయంత్రం జడలోంచి తీసి డ్రెస్సింగ్ టేబుల్ మీద పడేసిన మల్లెదండ దారం, కుట్టుపెట్టెలోని సూదీ దారం, సంక్రాంతి వెళ్లాక మేడ మీద మిగిలిన మాంజా, ఇవన్నీ పేగును మడతలు మడతలుగా కుచ్చి కోసేస్తాయి. నోట్లోంచో వెనక నుంచో దారం కొస కనిపిస్తే లాగకూడదు. అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో భ్రమ ఉంది, పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే దిగుతుందని. న్యూయార్క్‌లో ఎత్తు నుంచి పడి ఒక ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల మీద 1987లో ఒక పరిశోధన వెలువడింది. వాటిలో 90 శాతం బతికాయి. ఆ లెక్కను చాలామంది ధీమాగా చెబుతారు. పడ్డచోటే చనిపోయినవి ఆసుపత్రిదాకా రాలేదన్న సంగతి మరిచిపోతారు. బతికినవాటికీ ఊపిరితిత్తులు చిట్లాయి, దవడలు, కాళ్లు విరిగాయి. పావురాల కోసం కట్టే పల్చటి వలను కూన కొరికి తెంపగలదు. బాల్కనీకి గట్టి వల కట్టించాకే దాన్ని ఇంటికి తేవాలి.

ఇంటికొచ్చిన మొదటి వారంలోనే పశువైద్యుడికి చూపించాలి. నులిపురుగుల మందు రెండో వారం వయసు నుంచే మొదలవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తొలి టీకా, ఆపై మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేదాకా. మొదటి డోసు పడగానే పనైపోయిందని ఆగిపోవడం పెద్ద పొరపాటు. తల్లి నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పూర్తిగా పట్టనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది. ఈ టీకా అడ్డుకునే జబ్బుల్లో పాన్‌ల్యూకోపీనియా కూనల్ని రెండు మూడు రోజుల్లో బలి తీసుకుంటుంది. ఆ వైరస్ నేలలో, గుడ్డల్లో ఏడాదిదాకా బతుకుతుంది. ఈ మధ్యనే పిల్లి చనిపోయిన ఇంటికి టీకా వేయని కూనను తేకూడదనేది అందుకే. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. టీకా వేయని కూన కరిచినా, గోరు గీరినా ఆ చోటును సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న కూనే కదా, చిన్న గీతే కదా అని ఊరుకోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

మలమూత్ర విసర్జన నేర్పడం తేలికే, గుంట తవ్వి కప్పెట్టడం దాని నైజం. లోతు తక్కువ తొట్టిలో ఇసుక పోసి, తిండిగిన్నెకు దూరంగా ఉంచి, రోజూ తీసేస్తే చాలు. ఇక్కడే గర్భిణుల సంగతి వస్తుంది. కోడలు నెల తప్పిందనో, కూతురు పురిటికి వస్తోందనో తెలియగానే ఇన్నాళ్లూ పెంచిన పిల్లిని సంచిలో వేసి దూరాన వదిలి వచ్చే ఇళ్లు ఉన్నాయి. భయమంతా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పిల్లి మలంలో వచ్చే ఆ జీవి ఇతరులకు అంటే దశకు చేరడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ఇంట్లో వేరొకరు తొట్టిని రోజూ శుభ్రం చేస్తే, ఇంట్లోనే ఉండి వండిన తిండి తినే పిల్లి వల్ల గర్భిణికి ముప్పు బాగా తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల వల్లే ఎక్కువ ప్రమాదం. పిల్లిని వదిలేసే ముందు డాక్టరును ఒక్క మాట అడగాలి.

ఆడ కూన నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. తొమ్మిది వారాలు మోస్తుంది, నాలుగేసి పిల్లల్ని పెడుతుంది, వాటికి పాలిస్తుండగానే మళ్లీ కట్టగలదు. పగటి వెలుతురు బాగా ఉండే మన ప్రాంతాల్లో దానికి ఫలానా కాలమంటూ పెద్దగా లేదు. ఐదో నెల లోపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే ఉద్దేశం, అందుకు డబ్బు, తీసుకెళ్లే మనిషి ముందే సిద్ధంగా ఉండాలి. మగదానికీ అంతే. ఒక్క ఈతైనా చూద్దామన్న సరదాకు పుట్టిన కూనలే తర్వాత అట్టపెట్టెల్లో గుడి మెట్ల మీదికి చేరుతున్నాయి.

ఇన్నీ చూసుకున్నాక మొదటి రాత్రి. ఇల్లంతా చూపించక్కర్లేదు, ఒక గది చాలు. మూలన అట్టపెట్టె, అందులో మడత పెట్టిన పాత నేత చీర, తల్లి పడుకున్న గుడ్డపేలిక ఒకటి, నీళ్లు, తిండి, ఎదురు మూలన ఇసుక తొట్టి. కూన నేరుగా మంచం కిందికి దూరుతుంది. చుట్టాలను పిలిచి చూపించకూడదు, చెయ్యి పెట్టి లాగకూడదు. ఎవరో ఒకరు కింద చాప వేసుకుని కూర్చుని పేపరు చదువుకుంటే చాలు. దొంగతనంగా కళ్లు మూసుకుని పాలు తాగుతుందని మన సామెత పిల్లిని ఆడిపోసుకుంది గానీ, నెమ్మదిగా కళ్లు మూసి తెరవడం దాని భాషలో స్నేహపు పలకరింపు. మనిషి అలా చేస్తే పిల్లులు తిరిగి అలాగే చేస్తున్నాయని, కొత్తవాళ్ల దగ్గరికి కూడా ఎక్కువగా వస్తున్నాయని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో నమోదు చేశారు. మంచం కింద చీకట్లో మెరిసే ఆ రెండు కళ్ల వైపు చూసి ఒకసారి రెప్పలు వాల్చాలి. ఆగి ఇంకోసారి. రెండో రాత్రికో మూడో రాత్రికో అటునుంచి జవాబు వస్తుంది. అప్పుడైనా చెయ్యి చాచకుండా వేలొకటి నేల మీద ఉంచితే, అదే మెల్లగా వచ్చి వాసన చూస్తుంది.