గంగమ్మకు బుజ్జి దొప్ప

బ్యాంకాక్‌లో ఓ చిన్నపిల్లల బడి. తరగతి గది నిండా పచ్చి అరటాకుల వాసన. బల్లల మీద బంతిపూలు, ఆర్కిడ్లు, రెండంగుళాల మందాన కోసిన అరటి బోదె ముక్కలు. ఐదేళ్ల పిల్లాడొకడు ఊపిరి బిగబట్టి ఆకు మడుస్తున్నాడు. మడత నిలవదు. మళ్లీ మడుస్తాడు. చివరికి 'ఖ్రూ' వచ్చి పక్కన కూర్చుంటుంది. ఖ్రూ అంటే థాయ్ భాషలో టీచరు. మన 'గురువు' అక్కడికెళ్లి అలా మారాడన్నమాట!

ఈ హడావిడంతా లోయ్ క్రతోంగ్ కోసం. లోయ్ అంటే నీటిమీద తేలడం. క్రతోంగ్ అంటే దొప్ప. థాయ్ చాంద్రమానంలో పన్నెండో నెల పౌర్ణమికి వస్తుందీ పండగ. 2025లో నవంబరు 5న వచ్చింది. మనకూ అదే రోజు కార్తిక పౌర్ణమి. మనం అరటి దొప్పల్లో దీపాలు వదిలినట్టే వాళ్లూ పూలు, కొవ్వొత్తి, అగరొత్తులు పెట్టి నీళ్లలో వదులుతారు. అక్కడి అమ్మవారూ మనకు పరాయిది కాదు. 'ఫ్రా మే ఖోంగ్‌ఖా'... గంగమ్మ తల్లే! ఏడాదంతా నీళ్లిచ్చినందుకు ఆమెకు దండం, ఆ నీళ్లను పాడుచేసినందుకు క్షమాపణ.

చిక్కంతా ఇక్కడే. క్షమాపణ చెప్పడానికి వదిలిన దొప్పలే తెల్లారేసరికి నదిలో చెత్త. 2023 పండగకు బ్యాంకాక్ నగరపాలక సిబ్బంది నీళ్లలోంచి తీసినవి 6,39,828. అందులో ఇరవై వేలకు పైగా థర్మోకోల్‌వే. పోనీ చేపలు తింటాయి కదా అని బ్రెడ్డుతో చేస్తే, అవి తినగా మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయి.

అందుకే ఈ బడి పిల్లలు నదిదాకా వెళ్లరు. ఆవరణలోనే గాలి నింపిన ప్లాస్టిక్ కొలను. జరీ అంచు బట్టల్లో ముస్తాబైన బుడతలు పాట పాడుతూ ఒక్కొక్కరే వచ్చి దొప్ప వదులుతున్నారు. మన పిల్లాడి వంతు వచ్చింది. వదలడే! రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. పొద్దుట్నుంచీ కష్టపడి చేసింది మరి. కళ్లలో నీళ్లు. వెనక వరుస ఆగిపోయింది. ఖ్రూ లాక్కోలేదు, కోప్పడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, అది ఎక్కడికీ పోదనీ, వాడి ఎదురుగానే తిరుగుతుందనీ చెప్పింది. కాసేపటికి చిట్టి చేతులు వదులయ్యాయి. దొప్ప ఊగింది, నిలిచింది, కదిలింది. వాడు కొలను చుట్టూ దాని వెంటే నడిచాడు.

పాట అయిపోయింది. ఇప్పుడు అసలు పని. ఎవరి దొప్ప వాళ్లే తీసుకోవాలి. పెద్దవాళ్లు గుండుసూదులు ఊడదీస్తే, పిల్లలు ఆకులూ పూలూ ఎరువు గుంతలో వేయాలి. ఇందాక వదలనని ఏడ్చిన పిల్లాడే బోదె ముక్కను బరువుగా మోసుకెళ్లి గుంతలో పెట్టాడు. ఆపైన మర్చిపోకుండా దండం పెట్టాడు.

చేసిన తప్పుకు దండం పెట్టడం పెద్దలకూ తెలుసు. పెట్టాక శుభ్రం చేయడం ఆ ఐదేళ్లవాడు నేర్చుకున్నాడు.