సంపు

మరాఠీలో సమ్మెను 'సంప్' అంటారు. మా కరీంనగర్ మాటలో 'సంపు' అంటే చంపు. 1982 జనవరిలో వర్లీలో మా చాల్ వరండా వెంట పిల్లలు ఆ మాట అరుస్తూ పోతుంటే, అప్పుడే ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ తలుపు గడియ వేసి, "ఎవర్ని సంపుతరట్రా?" అని అడిగింది. అందరం నవ్వాము. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆ ఖోలీలో అంతగా నవ్విన జ్ఞాపకం లేదు.

గిర్ని అంటే మన ఊళ్లలో పిండి మర. బొంబాయిలో బట్టల మిల్లు. మా నాయిన లోయర్ పరేల్‌లో ఒక గిర్నిలో సాంచెల మీద పర్మనెంటు. మా మేనమామ అదే ఖాతాలో బద్లీ. ఈ మాట గురించి కూడా చెప్పాలి. మన కచేరీల భాషలో బదిలీ అయినవాడికి ఇంకో ఊళ్లో కుర్చీ ఉంటుంది. గిర్ని బద్లీకి ఎక్కడా కుర్చీ లేదు. భోంగా కూసే వేళకు గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంటువాళ్లలో ఎవరైనా రాకపోతే ఆ పూటకు అతని సాంచె ఇతనిది. అందరూ వస్తే వచ్చిన దారినే ఇంటికి. మామ అలా పదకొండేళ్లు నిలబడ్డాడు. నాయినకు ఒంట్లో బాగాలేకపోతే మామకు పని దొరికే అవకాశం ఉండేది. దాని మీద ఇద్దరూ పరాచికాలాడుకునేవాళ్లు. "బావా, ఇయ్యాల జర జెరమన్న రాదా నీకు?" అనేవాడు మామ. నాయిన ఒక్కోసారి నిజంగానే నాగా పెట్టేవాడని అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

1981 దీపావళి బోనస్ దగ్గర రాజుకున్న తగవు 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షల మంది సమ్మె అయింది. ముందు నిలిచింది డాక్టర్ దత్తా సామంత్. ఘాట్కోపర్‌లో వైద్యం చేసుకుంటూ రాతి క్వారీ కూలీల తరఫున నిలబడ్డ మనిషి. ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలలో భారీగా పగార్లు పెంచించాడని పేరు. పగార్ పెంచాలి, బద్లీలను పర్మనెంటు చేయాలి అన్నవి పెద్ద కోరికలు. నాయినకు మొదటిది, మామకు రెండోది. వాళ్లిద్దరూ ఒకే జెండా కింద నడిచినా ఇద్దరి కోరికా ఒకటి కాదని పద్నాలుగేళ్ల నాకు తెలియదు. వాళ్లకు మాత్రం తెలుసా అని ఇప్పుడు అనుమానం.

అసలు చిక్కు చట్టంలో ఉంది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ఒక ప్రాంతంలో ఒక పరిశ్రమకు ఒక్క సంఘానికే బేరమాడే హక్కు. ఆ గుర్తింపు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌ది. కార్మికులేమో సామంత్ వెనక. బల్ల ముందు కుర్చీ ఉన్నవాళ్ల వెంట మనుషులు లేరు. మనుషులున్నవాడికి కుర్చీ లేదు. ఆ చట్టం పోవాలన్నది కూడా సమ్మె కోరికల్లో ఒకటే. పైగా కాలం చెడ్డది. బట్టకు గిరాకీ లేదు, గోదాముల్లో తానులు పేరుకున్నాయి, భివండీ మరమగ్గాలు చవకగా నేసి ఇస్తున్నాయి. సరుకు పోని యజమానిని పని ఆపి బెదిరించటం ఎట్లా? లాభాలొచ్చే కంపెనీలో పనికొచ్చిన ఎత్తుగడ ఇక్కడ పారదని ఇప్పుడు నేను తేలిగ్గా అనగలను. కానీ పదకొండేళ్లు గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి, మార్కెట్టు కోలుకునేదాకా ఆగమని ఎవరు చెప్పగలరు?

మొదటి మూడు నెలలు పండగలాగే గడిచాయి. కొంకణం వాళ్లు ఊళ్లకు పోయి బియ్యం తెచ్చుకున్నారు. మావాళ్లూ కొందరు సిరిసిల్ల వైపు పోయారు. మాకు ఊళ్లో గుంట భూమి లేదు. అమ్మ బీడీలు చుట్టింది. ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే మార్వాడీ కొట్టుకు పోయాయి. వర్షాకాలానికి కిరాణా కొట్టువాడు తల పక్కకు తిప్పుకోసాగాడు. మామ మా ఖోలీలోనే పడుకునేవాడు; అమ్మ రెండు రొట్టెలు వేస్తే ఒకటి చాలనేవాడు.

1983 మొదట్లో గిర్ని నుంచి కబురొచ్చింది. పర్మనెంటువాళ్లు రావచ్చు. పాత పగారే. ఇక సంపులో ఉండమని సంతకం చేయాలి. బద్లీల సంగతి తర్వాత చూస్తారట.

నాయిన నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అయిదో రోజు తెల్లవారకముందే డబ్బా పట్టుకోకుండా బయల్దేరాడు. చేతిలో డబ్బా ఉంటే చాల్‌లో అందరికీ తెలిసిపోతుంది. మామ మేలుకునే ఉన్నాడు. లేచి నాయిన చెప్పులు వరండాలోంచి తెచ్చి గడప ముందు పెట్టాడు. ఒక్క మాట అనలేదు. సాయంత్రం నాయిన వచ్చేసరికి మామ ట్రంకుపెట్టె లేదు. భివండీ పోయి మరమగ్గాల మీద చేరాడు. పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలి, కార్డు లేదు, గేటు కూడా లేదు.

నా స్కూలు ఫీజు ఆ నెల నుంచి మళ్లీ కట్టారు. నేను గుమాస్తా ఉద్యోగం దాకా వచ్చింది ఆ ఫీజుతోనే. నాయిన చేసింది తప్పని ఎవరన్నా అంటే నాకు కోపమొస్తుంది. తప్పు కాదన్నా సరిపడదు.

సంతకం పెట్టి కాపాడుకున్న ఆ పర్మనెంటూ ఎంతో కాలం నిలవలేదు. తొంభైలలో ఆ గిర్ని మూతపడింది. 1997 జనవరి 16న పొవాయిలో సామంత్‌ను కాల్చి చంపారు. నాయనమ్మ అడిగిన ప్రశ్న ఆ రోజు గుర్తొచ్చింది. సమ్మె ఎత్తేస్తున్నట్టు ఆయన ఏనాడూ ప్రకటించలేదు.

తర్వాత గిర్ని జాగాల్లో కార్మికులకు ఇళ్లిస్తామన్నారు. 1982 జనవరి 1 నాటికి పనిలో ఉన్నట్టు రుజువు కావాలన్నారు. 2010 ప్రాంతంలో మామ భివండీ నుంచి వచ్చాడు. నాయిన అప్పటికే లేడు. మామ ప్లాస్టిక్ సంచిలోంచి బద్లీ పాసు తీశాడు, అంచులు చిరిగినా పేరు కనబడుతోంది. కాగితాలు నేను నింపుతున్నాను. పని ఎప్పుడు మానేశారు అని అడిగాను.

"మానలె" అన్నాడు. "సంప్ ఇంక చాలూనే ఉన్నది గదరా."

ఆ గడి ఖాళీగా వదిలేశాను.