కాశ్మీరులో కాపడం

కాశ్మీరు అనగానే మనకు కుంకుమపువ్వూ, దాల్ సరస్సూ, పడవ ఇళ్ళూ తలపుకు వస్తాయి. సినిమాల వాళ్ళు మనకు అలా అలవాటు చేశారు. కాని డిసెంబరు నెలాఖరున శ్రీనగర్‌లో దిగిన మనిషికి అందం సంగతి రెండవనాడు గాని జ్ఞాపకం రాదు. మొదటిరోజల్లా ముక్కు ఉన్నదా ఊడిందా అని తడిమి చూచుకోవడంతోనే సరిపోతుంది.

డిసెంబరు 21 మొదలు 40 రోజులను అక్కడివారు 'చిల్లై కలాన్' అంటారు; పెద్ద చలి అన్నమాట. తర్వాత 20 రోజులు 'చిల్లై ఖుర్ద్', చిన్న చలి. ఆపైన 10 రోజులు 'చిల్లై బచ్చా', అంటే చలిపిల్ల. 'చిల్లా' అంటే పారశీకంలో నలభైరోజుల దీక్ష. మనవాళ్ళు మండలదీక్ష పడతారే, ఆ బాపతు. ఇక్కడ దీక్ష పట్టేది మాత్రం చలి. 2024లో ఆ దీక్ష ఆరంభమే భీకరంగా ఉన్నది. డిసెంబరు 21 తెల్లవారుజామున శ్రీనగర్‌లో సున్నకు దిగువన 8.5 డిగ్రీలు నమోదయింది. డిసెంబరులో అంతటి చలి 50 ఏళ్ళలో లేదన్నారు. 27న మంచు కురిసి విమానాలు ఆగిపోయాయి. మేము 30న వెళ్ళాం.

మేము అంటే నేనూ, 72 ఏళ్ళ మా అమ్మా. మా తమ్ముడు బ్యాంకు ఉద్యోగి. శ్రీనగర్‌కు బదిలీ అయి ఏడాది దాటింది. "చిన్నాడి కాపురం చూడకుండా పోతానేమోరా" అని అమ్మ బెంగ. ఆ బెంగకు తోడు ఇంకొక కోరిక కూడా ఉన్నది: శంకరాచార్యుల కొండ ఎక్కాలని. కారు కొండమీదికి కొంతదూరం పోతుంది. ఆపైన సుమారు 240 మెట్లు. రాజమండ్రిలో మా ఇంటి మేడమెట్లు పదహారు ఎక్కడానికే రెండుసార్లు ఆగే మనిషి. "అక్కడికి వెళ్ళాక చూద్దాంలే" అన్నాను. కొడుకులు తల్లులకు చెప్పే మాటలలో ఇది బహు పాతది.

అమ్మవి అరిగిన మోకాళ్ళు. వాటికి మా ఇంట్లో జరగని ఉపచారం లేదు. వావిలాకు వేసి కాచిన నీళ్ళూ, ఆముదం రాసిన జిల్లేడాకులూ, పెనం మీద వేయించిన ఉప్పు మూట కట్టి కాపడం, అన్నీ అయినాయి. కాపడం పెట్టినంతసేపూ హాయి. మూట చల్లారితే మళ్ళీ మామూలే. శ్రీనగర్‌లో మొదటి రాత్రి ఆవిడ నిద్రపోలేదు. పరుపు తడిబట్టలా ఉన్నది. రెండు రజాయిలు కప్పినా లోపల మనిషి వేడి కూడుకునేటప్పటికి తెల్లవారింది. లేచి నిలబడడానికి మంచంకోడు పట్టుకుని అయిదు నిమిషాలు తంటాలు పడ్డది.

మర్నాడు మా తమ్ముడు బజారునుంచి ఎలక్ట్రిక్ బ్లాంకెట్ తెచ్చాడు. నేను తెలుగు మేష్టరును గనుక 'విద్యుత్కంబళి' అన్నాను. మా అమ్మ దానిని తిరగేసి, బోర్లేసి చూచి "కరెంటు బొంత" అన్నది. ఆవిడ మాటే నిలిచింది, న్యాయం కూడాను. ఎందుకంటే దీన్ని కప్పుకోరు, బొంతలాగ పరుపుమీద పరిచి, పైన దుప్పటి వేసుకుని పడుకుంటారు. లోపల సన్నటి తీగ వంకీలు వంకీలుగా కుట్టి ఉంటుంది. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. వేడి హెచ్చు తగ్గులకు ఒక మీట. ఇది నిన్న మొన్నటి వస్తువు కాదు. 1912లో సిడ్నీ రస్సెల్ అనే అమెరికను వైద్యుడు, ఆరుబయట పడుకోవలసివచ్చిన క్షయరోగుల కోసం ఇటువంటిది తయారుచేశాడు. ఆ రోజుల్లో క్షయకు మంచి గాలే మందు; మరి చలిమాటో?

"పక్కలో కరెంటు పెట్టుకు పడుకోమంటార్రా? బతకనివ్వరూ నన్ను?" అన్నది అమ్మ. మా మరదలు తను ముందు పడుకుని చూపించింది. పదినిమిషాలకు అమ్మ మెల్లిగా ఒక చెయ్యి దుప్పటి కింద పెట్టింది. తర్వాత మోకాలు. తర్వాత మా మరదలిని పక్కకు జరగమన్నది.

ఆ రాత్రి ఆవిడ తెల్లవారి ఆరింటిదాకా కదలలేదు.

ఈ వేడి కీళ్ళ రోగాన్ని కుదర్చదు. అరిగిన మృదులాస్థిని ఏ బొంతా తిరిగి మొలిపించలేదు. చలికి కీలు చుట్టూ ఉన్న కండరాలు బిగదీసుకుంటాయి. వెచ్చదనానికి అవి సడలుతాయి, రక్తం బాగా ఆడుతుంది, పొద్దున్న లేచేటప్పటి పట్టు తగ్గుతుంది. అంతే. కీలు వాచి, ఎర్రబడి, తనే వేడిగా ఉన్నప్పుడు పైన ఇంకా వేడి పెడితే బాధ హెచ్చుతుంది కూడా. అటువంటప్పుడు చల్లటి గుడ్డే మేలు. ఇదంతా మా ఊరి డాక్టరుగారు బయలుదేరేముందే చెప్పారు. ఆయన ఇంకొక మాట కూడా చెప్పారు. అమ్మకు పదేళ్ళనుంచి చక్కెర జబ్బు. అరికాళ్ళకు స్పర్శ తగ్గింది. చెప్పు జారిపోయినా ఆవిడకు తెలియదు. స్పర్శ లేని కాలికి కాలుతున్నదీ తెలియదు. "అంచేత వేడి ఏదైనా సరే, ఆవిడకు తెలుస్తుందని మీరు నమ్మకండి, మీ చేత్తో చూడండి" అన్నారు.

కాబట్టి మేమొక పద్ధతి పెట్టుకున్నాం. బొంత మోకాళ్ళ వరకే. పాదాలకు ఉన్ని మేజోళ్ళు. పడుకోవడానికి గంట ముందు మీట వెయ్యడం, ఆవిడ పడుకున్న అరగంటకు తీసెయ్యడం. మడత పడనివ్వకూడదు, తడి తగలనివ్వకూడదు, మీద రబ్బరు వేడినీళ్ళ సంచి పెట్టకూడదు. మాది 80 వాట్లది. అంటే పాతకాలపు తీగ బల్బులు రెండింటి పాటి ఖర్చు. గదిని వేడిచేసే హీటరు 2000 వాట్లు భోంచేస్తుంది.

పద్ధతి బాగానే ఉన్నది. పేచీ మూడోనాడు వచ్చింది. నేను మీట తియ్యబోతే అమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

"ఉండనీరా పెద్దాడా. రాత్రి రెండింటికి మళ్ళీ పట్టేస్తున్నాయి. తెల్లవార్లూ ఉంచితే నీ సొమ్మేం పోయింది?"

డాక్టరు మాట చెప్పాను. "ఆయనకేం, ఆయన మోకాళ్ళా?" అన్నది. తీసేశాను. గోడవైపు తిరిగి పడుకున్నది. మర్నాడు కాఫీ తాగుతున్నంతసేపూ చిన్నకొడుకుతోనే మాట్లాడింది.

శ్రీనగర్ కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాశ్మీరులో కరెంటు చాలాభాగం నదుల మీద ఆధారపడినది. చలికాలంలో కొండలమీద నీరు మంచై కూర్చుంటుంది, నదులు సన్నగిల్లుతాయి, ఉత్పత్తి తగ్గుతుంది. ఇళ్ళలో వాడకమా, అప్పుడే హెచ్చుతుంది. అంచేత కోతలు. కరెంటు పోతే బొంత ఉత్త బొంత. అందుకే అక్కడ ఏ ఇంట్లోనూ కాంగ్రీ అటక ఎక్కలేదు.

కాంగ్రీ అంటే చేతికుంపటి. మట్టిమూకుడు చుట్టూ వెదురుబుట్టలాగ అల్లిన తొడుగు, పట్టుకోవడానికి వంపుపిడి. లోపల బొగ్గునిప్పులు, మీద బూడిద. శరదృతువులో రాలిన చినారు ఆకులను కాల్చి బొగ్గు చేసి దాచుకుంటారు. 'కాష్ఠాంగారిక' అనే సంస్కృత శబ్దమే కాంగ్రీ అయిందని కొందరు పండితుల మతం. దాన్ని 'ఫిరన్' అనే పొడుగు అంగీ లోపల పెట్టుకుని వీధుల్లో నడుస్తూంటే అందరూ నిండుచూలాండ్రులా కనపడతారు, మీసాలవాళ్ళతో సహా. మనం ఆడపిల్ల పెళ్ళిని గుండెలమీద కుంపటి అంటాం. వీళ్ళు కుంపటిని నిజంగానే గుండెలకు హత్తుకుని, బేరాలాడుతూ, నవ్వుతూ తిరుగుతారు.

జనవరి 5న ఆ ఊరి శివారులో ఒకే కుటుంబంలోని అయిదుగురు, అందులో ముగ్గురు పిల్లలు, మూసిన గదిలో ఊపిరాడక చనిపోయారు. మర్నాడు ఊరంతా అదే మాట. మూసిన గదిలో బొగ్గుగాని, గ్యాసుగాని మండితే ప్రాణవాయువు తరిగి, వాసన లేని విషవాయువు పుడుతుంది. మనిషికి నిద్రలో తెలియదు. ఆ సాయంత్రం కింది వాటాలోని ఇంటావిడ మెట్లెక్కి వచ్చి, మా గదులన్నీ తిరిగి, ఒక్కొక్క కిటికీ రెక్క వేలెడంత తెరిచి వెళ్ళింది. ఒక్క మాట అనలేదు.

ఆవిడకు మా అమ్మ వయస్సే. ఆవిడ ఉర్దూ, మా అమ్మ తెలుగు. మధ్య మా మరదలు. రెండో రోజునుంచి మా మరదలితో కూడా పనిలేకపోయింది. వంకాయలు, సొరకాయలు ఎండబెట్టి చలికాలానికి దాచుకుంటారక్కడ. ఆవిడ తెచ్చి చూపిస్తే, అమ్మ "వరుగులే!" అని సంబరపడ్డది. వరుగులకూ, మోకాళ్ళకూ దుబాసీ ఎందుకు?

ఒకనాడు కరెంటు లేనివేళ ఆవిడ కాంగ్రీ పట్టుకు వచ్చి కూర్చున్నది. అమ్మ బొంత చూపించి, నావైపు వేలు చూపించి, మీట తీసేసే అభినయం చేసి, చేతులు తిప్పింది. నామీద ఫిర్యాదు అన్నమాట. ఆవిడ నవ్వలేదు. నన్ను బయటికి పొమ్మన్నట్టు చూచింది. నేను లేచి వచ్చేశాను. లోపల జరిగింది మా మరదలు తరువాత చెప్పింది. ఆవిడ పైజామా మోకాలిదాకా ఎత్తి తన కాళ్ళు చూపించిందట. పిక్కలమీదా, తొడల లోపలివైపునా వల పరిచినట్టు గోధుమరంగు చారలు. బొబ్బ ఎక్కలేదు, ఏనాడూ మంట పుట్టలేదు. యాభై శీతాకాలాల హాయి అది. అటువంటి చర్మమే కొందరిలో పుండుపడి, రాచపుండుగా మారడం కద్దు. 1866లోనే ఎల్మ్‌స్లీ అనే మిషనరీ డాక్టరు కాంగ్రీవల్ల వచ్చే ఈ రోగాన్ని గురించి రాశాడు.

ఆ రాత్రి నేను మీట దగ్గరికి వెళ్ళేటప్పటికే అది తీసి ఉన్నది.

తరువాతి వారం ఎండ కాసిన రోజున కొండకు వెళ్ళాం. ఇరవై మెట్లకొకసారి కూర్చుంటూ, పైకి పోయేవాళ్ళందరికీ దారి ఇస్తూ, అమ్మ గంటకు పైగా ఎక్కింది. తమ్ముడు ముందు, నేను వెనక. పైనుంచి చూస్తే దాల్ సరస్సు పాలిపోయిన అద్దంలా ఉన్నది. గుడి చిన్నది, రాతి అరుగు ఎత్తు. అమ్మ దణ్ణం పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఎక్కడం కన్న దిగడం కష్టమని తెలిసింది దిగేటప్పుడే. బరువంతా మోకాటి చిప్పమీద పడుతుంది గదా. చివరి మెట్లు ఆవిడ పక్కవాటుగా, ఒక్కొక్క అడుగే దిగింది. కారెక్కించేటప్పటికి పెదవి కరిచి పట్టుకుని ఉన్నది.

ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. ఇంటావిడ కాంగ్రీ పంపింది. దాంతోపాటు కబురు: చేతులు కాచుకోవచ్చు, పక్కలోకి తీసుకోవద్దు. అమ్మ దానిమీద చేతులు చాచి, ఆ అరచేతులు తెచ్చి మోకాళ్ళకు ఆనించుకుంటూ కూర్చున్నది. తొమ్మిదింటికి మీటమీద ఎర్రదీపం వెలిగింది. పదిన్నరకు దుప్పటి కింద చెయ్యిపెట్టి చూచి, దాన్ని తీసేశాను. అమ్మ అప్పటికే గురక పెడుతున్నది.