అగ్గిపెట్టె మీద బొమ్మ

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా నాయిన అడిగిన ఒక్క ప్రశ్నతో మా రెండు నెలల పని చెత్తబుట్టలోకి పోయింది. నాయినకి వీడియో గేముల గురించి తెలిసింది సున్నా. చెరుకు గురించి తెలిసింది మాత్రం కొండంత. ఆ గొడవే ఈ టపా.

ముందు కొంచెం ఉపోద్ఘాతం. పగలంతా నేనూ మీలాగే హైదరాబాదులో ఎవరో రాసి వెళ్ళిపోయిన కోడ్‌లో బగ్గులు ఏరుకునే జీవిని. రాత్రిళ్ళూ, శని ఆదివారాలూ మాత్రం ఇంజనీరింగులో నా రూమ్మేటూ (వాడిది నిజామాబాదే) నేనూ కలిసి ఒక చిన్న గేము తయారుచేస్తున్నాం. పెద్ద కథేమీ లేదు. చెరుకు కొట్టి, బండి కట్టుకుని పోయి, బోధన్ ఫ్యాక్టరీ ముందు లైన్లో నిలబడాలి. తూకం అయ్యేదాకా ఎడ్లకి మేత చూసుకోవాలి, నిద్ర ఆపుకోవాలి, మధ్యలో దూరేవాళ్ళతో కొట్లాడాలి. కొట్టిన చెరుకు ఆలస్యమైనకొద్దీ ఆరిపోతుంది, బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. గేములో టైమర్ అదే. లైన్లో నిలబడటం కూడా ఒక గేమేనా అని మీరు నవ్వచ్చు. పొద్దున పదింటికి తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నవాడెవడూ నవ్వడు లెండి.

గేము ఓ దారికొచ్చాక స్టీమ్‌లో పెడదామని వంద డాలర్లు కట్టాం. అప్పుడు మొదలైంది అసలు తలనొప్పి... అట్టబొమ్మ. దాన్ని వాళ్ళు క్యాప్సూల్ అంటారు. అదే బొమ్మని అడ్డంగా, నిలువుగా నాలుగైదు కొలతల్లో ఇచ్చుకోవాలి. లైబ్రరీలో కనిపించే నిలువు బొమ్మ 600×900 పిక్సెళ్ళు, దానితో ఏ పేచీ లేదు. పేచీ అంతా అన్నిటికంటే చిన్నదానితోనే. అది చాలా ఏళ్ళు 231×87 ఉండేది. 2024లో ఆ కొలతని రెట్టింపు చేశారు గానీ, కొనేవాడి కంటికి ఆనేది మాత్రం చిన్న పట్టీయే. కొన్నిచోట్ల 120×45కి కూడా కుదించి చూపిస్తారు. దీనికంటే హాల్‌టికెట్ మీద మన ఫోటో నయం!

మొదటి బొమ్మ నేనే వేశాను. సాయంత్రం ఎర్రటి ఆకాశం, కింద నుంచి పైదాకా శక్కర్ నగర్ చిమ్నీ, నల్లటి పొగ, దాని కాళ్ళ దగ్గర చీమల్లా బండ్ల బారు. పైన ‘శక్కర్ నగర్ నైట్స్’ అని పేరు. ల్యాప్‌టాప్ నిండా పెట్టి చూస్తే నాకే ఒళ్ళు పులకరించింది. ఆఫీసు మెషీన్లో వాల్‌పేపర్‌గా కూడా పెట్టుకున్నా. తీరా 120×45లో చూస్తే చిమ్నీ సుద్దముక్క, బండ్లు దుమ్ము, పేరు గీతలు. పేజీ పెట్టాక రోజుకి ఇద్దరో ముగ్గురో వచ్చేవాళ్ళు, అందులో ఒకణ్ణి నేనే.

మావాడు ఊరుకోలేదు. ఒక రాత్రి ఏఐతో ఇరవై బొమ్మలు చేయించి పంపాడు. ఎద్దుకి ఐదు కాళ్ళు, చెరుకు బదులు వెదురు, బండివాడికి రాజస్థానీ తలపాగా. పైగా 2024 జనవరి నుంచి, ఏఐతో చేయించింది గేములో ఉంటే ఆ సంగతి స్టీమ్‌కి చెప్పాలి, మన పేజీ మీద అది వేస్తారు కూడా. ఐదు కాళ్ళ ఎద్దుకి మళ్ళీ ఒక ప్రకటనా!

తర్వాత వాడిలోని సినిమా పిచ్చోడు నిద్రలేచాడు. కొడవలి పట్టుకున్న హీరో మొహం, వెనక మంటలు. "అరేయ్, జనం క్లిక్ చెయ్యాలంటే మాస్ ఉండాల్రా" అంటాడు. నిజమే, క్లిక్ చేస్తారు. కొంటారు కూడా అనుకుందాం. కానీ స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే, డబ్బులు వెనక్కిచ్చేస్తారు. కొడవలి చూసి కొన్నవాడు ఎడ్లకి మేత వేస్తూ పది నిమిషాలు లైన్లో నిలబడి ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. పోనీ పైన ఏవైనా పొగడ్తలు రాసుకుందామా అంటే అదీ కుదరదు. 2022 సెప్టెంబరు నుంచి ఆ బొమ్మ మీద రేటింగులూ, అవార్డులూ, డిస్కౌంట్లూ రాయకూడదని రూలు. బొమ్మా, పేరూ... అంతే.

ఇలా తన్నుకుంటుండగా దసరా వచ్చింది. నిజామాబాద్‌లో బస్సు దిగి, బోధన్ బస్సుకి ఇంకా టైముందని, బస్టాండు దగ్గర నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన పెయింటర్ చిచ్చా దగ్గరికెళ్ళా. ఒకప్పుడు ఊళ్ళో సగం షాపుల బోర్డులు ఆయనవే. ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చేత్తో రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చాక ఇప్పుడు ట్రాక్టర్ ట్రాలీల మీద నంబర్లు రాస్తున్నాడు. ఫోన్లో బొమ్మ చూపించా. చెయ్యి బారుగా చాపి, కళ్ళు సగం మూసి చూశాడు.

"బేటా, నిలవడి చదివెటోడు ఎట్లున్నా చదువుతడు. బస్సుల పోయెటోని కోసం రాయాలె బోర్డు" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు. తెలుగులో వత్తు వస్తే కింద జాగా తింటుంది, పొల్లు వస్తే పైన తింటుంది, మధ్యలో అసలు అక్షరం చిక్కిపోతుంది. ‘శక్కర్ నగర్ నైట్స్’లో రెండూ ఉన్నాయి, పొల్లులైతే మూడు! నేను నెలరోజులుగా ఫాంట్లు మార్చి మార్చి చస్తున్నది దీనికేనన్నమాట. "వత్తుల్లేని పేరు చూసుకో" అని ట్రాలీ వైపు తిరిగాడు.

బోధన్ బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆలోచిస్తే తట్టిన పేరు ‘చెరుకు’. మూడే అక్షరాలు, వత్తుల్లేవు, పొల్లుల్లేవు. (నిఘంటువులో చెరకు, మా ఇంట్లో చెరుకు. మా ఇల్లే గెలిచింది.) ఇంగ్లీషులో రాసినా ఏడక్షరాలే. బయటి దేశం వాడికి అర్థమవుతుందా అని మావాడి అనుమానం. హైదరాబాద్ ఓగర్‌హెడ్ స్టూడియో వాళ్ళ ‘అసుర’ 2017లో ఇదే స్టీమ్‌లో వచ్చింది. పుణె వాళ్ళ ‘రాజీ’ 2020లో వచ్చింది. ఆ మాటలకి అర్థం తెలిసే కొన్నారా జనం? పేరు పొట్టిగా ఉంటే అక్షరాలు పెద్దవిగా పడతాయి, మనకి కావలసింది అది.

పేరు సరే, బొమ్మ సంగతేంటి? బొమ్మ విషయంలో నాకు ఆదర్శం ‘ఈకో’. ప్లేస్టేషన్ 2 మీద 2001లో వచ్చిన గేము. జపాన్‌లో, యూరప్‌లో దాని అట్ట మీద వేసిన పెయింటింగ్ గేము తీసిన ఫుమిటో ఉయెదా స్వయంగా వేసుకున్నదే. ఎండలో పెద్ద పెద్ద కట్టడాలు, పొడుగాటి నీడలు, మధ్యలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరిగెత్తే ఇద్దరు చిన్న పిల్లలు. అమెరికాలో మాత్రం అది తీసేసి కుర్రాడి మొహం పెద్దగా పెట్టిన మామూలు అట్ట వేశారు, దాన్ని ఇప్పటికీ తిడుతుంటారు. నేనూ తిట్టేవాణ్ణే. కానీ ఆ అందమైన బొమ్మని ఓసారి 120×45కి కుదించి చూశా. పిల్లలిద్దరూ మాయం! అది చేతిలో పట్టుకునే పెట్టె కోసం వేసిన బొమ్మ. నా చిమ్నీ కూడా ఆ వరసలోదే, కాకపోతే ఉయెదా ప్రతిభ మైనస్.

ఇంటికెళ్ళి భోజనాలయ్యాక నాయినకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు.

"గిదేందిరా, పొగగొట్టమా?"

"అవు నాయినా, ఫ్యాక్టరీ."

"ఆటల ఫ్యాక్టరీ లోపటికి పోతరా?"

"పోరు. తూకం కాడ అయిపోతది."

"మరి రాత్రిపూట లైన్ల ఉన్నోనికి పొగగొట్టం యాడ కనవడ్తది? ముంగట బండి కింద లాంతరు కనవడ్తది. అది కదిల్తే మనం కదలాలె. గంతే."

నా దగ్గర జవాబు లేదు. ఆ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది, 2015 డిసెంబరులో మూతపడింది. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. అంతకుముందు సీజన్ వచ్చిందంటే కిటికీ తెరవక్కర్లేకుండానే మడ్డి వాసన ఇంట్లోకొచ్చేది. మేం బడి నుంచి వస్తూ కదిలే బండ్ల వెనక పరిగెత్తి చెరుకు గడలు లాక్కునేవాళ్ళం. ఆ చిమ్నీ నుంచి పొగ రాక పదేళ్ళవుతోంది. బొమ్మలో ఆ పొగ పెట్టింది కొనేవాడి కోసం అనుకున్నా గానీ, నా కోసమే పెట్టుకున్నా. లైన్లో రాత్రుళ్ళు నిలబడ్డ మనిషికి అది లెక్కలోకే రాలేదు. గేము ఆ మనిషి గురించే కదా!

ఆ రాత్రే చిమ్నీ తీసేశా. తియ్యడానికి చెయ్యి రాలేదు, నిజం చెప్తున్నా. ఫైల్ మాత్రం దాచుకున్నా.

కొత్త బొమ్మ బండివాడు కూర్చున్న చోటు నుంచి. ముందు మన ఎడ్ల రెండు జతల కొమ్ములు, వాటి మధ్యలోంచి ముందున్న బండి వెనకభాగం, నీడలా పొడుచుకొచ్చిన చెరుకు గడలు, కింద వేలాడే లాంతరు. మిగతాదంతా చీకటి. చిన్న పట్టీలో కొమ్ములు కూడా తీసేసి పేరూ, చెరుకూ, లాంతరూ మాత్రం ఉంచా. 120×45లో కూడా ఆ నారింజ రంగు చుక్క కనిపిస్తోంది. స్టీమ్ లిస్టు స్క్రీన్‌షాట్‌లో పది గేముల మధ్య మనది అతికించి, ఆఫీసులో నలుగురికి ఒక్క క్షణం చూపించి లాగేసుకున్నా. ముగ్గురు "ఏదో బండి, దీపం" అన్నారు. నాలుగోవాడు ఇది మధ్యాహ్నం డెమోకి సంబంధించినదా అని అడిగాడు.

మా అమ్మ చూసి "అగ్గిపెట్టె మీది బొమ్మ లెక్కున్నది" అంది. మావాడు దాన్ని తిట్టుగా తీసుకున్నాడు. నాకు మాత్రం రెండ్రోజులు సంతోషంగా ఉంది. మా ఊరి కొట్లో చదువు రానివాళ్ళు కూడా షిప్పు అగ్గిపెట్టె, చీతా ఫైట్ అగ్గిపెట్టె అని బొమ్మ పేరు చెప్పే అడిగేవాళ్ళు. రెండంగుళాల కాగితం అది!

నాయినకి వాట్సాప్‌లో పంపించా. గంట తర్వాత ఫోను.

"లాంతరు మంచిగున్నది. పగ్గాలేవిరా? పగ్గాల్లేకుండ ఎడ్లు ఎట్లాగుతయ్?"

ఈ ఆదివారం పగ్గాలు వేసి మళ్ళీ అన్ని కొలతల్లోనూ అప్‌లోడ్ చెయ్యాలి.