సగం చూసిన అమృతం

సోలాపురంలో మా ఇళ్లకు వచ్చిన చుట్టాలు మొదటి రాత్రి సాంచాల మోతకు నిద్రపోలేరు. మూడో రాత్రి మోత ఆగితే ఏమైందోనని లేచి కూర్చుంటారు. కొంతం చౌక్ చుట్టుపట్ల గల్లీలలో చాలా ఇళ్లు అట్లాంటివే. ముందుగది మగ్గాలది, వెనుకగది మనుషులది. అటువంటి చోట ఒక హాస్యపు మాట చెవిన పడవలెనంటే ముందు మగ్గం ఆగాలి. మగ్గం ఆగడమంటే ఆనాటి లెక్కలో చద్దర్లు తగ్గడం, శనివారంనాటి కూలి తగ్గడం. ఇది తెలిసి కూడా మేము ఆరేండ్లపాటు ప్రతి ఆదివారమూ రాత్రి ఎనిమిదిన్నరకు మా నాలుగు సాంచాలనూ ఆపి కూర్చున్నామంటే, పాఠకులు మా పిచ్చి ఎంతటిదో ఊహించుకోవచ్చును.

ఆ పిచ్చి పేరు ‘అమృతం’. జెమిని టీవీలో 2001 నవంబరు 18న మొదలై, 2007 నవంబరు 18న ముగిసింది. రెండూ ఆదివారాలే. గుణ్ణం గంగరాజుగారు పుట్టించిన ఈ ధారావాహిక మొత్తం 313 భాగాలు వచ్చింది. ఆ ఆరేండ్లలో ఎన్ని ఆదివారాలు ఉన్నవో వేళ్లమీద లెక్క కట్టిచూస్తే 314 తేలినవి. ఈ లెక్క మా ఇంట్లో ఇద్దరు వేర్వేరుగా కట్టి సరిచూసుకున్నారు గనుక నమ్మవచ్చును.

కథ సంగతి చాలామందికి తెలిసినదే. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు. అప్పాజీగారి ఇంట్లో పక్కపక్క వాటాలలో అద్దెకుంటారు. కలిసి ‘అమృత విలాస్’ అని హోటలు నడుపుతారు. అక్కడ సర్వం అని ఒకడు వారి దగ్గర పని చేస్తాడు. అమృతానికి సులువుగా డబ్బు వచ్చే ఉపాయం ఒకటి తడుతుంది. అంజి వద్దంటూనే అందులో దిగుతాడు. ఇద్దరూ మునుగుతారు. ఇంతే. నీతి లేదు. కన్నీళ్లు లేవు. పెద్దలమీద, భార్యాభర్తలమీద, ఇంటి యజమానిమీద ఎవరిమీదా ప్రత్యేకమైన గౌరవం కూడా లేదు.

ఈ గౌరవం లేకపోవడం దగ్గరే మా గల్లీలో మొదట పేచీ వచ్చింది. మాది మార్కండేయస్వామిని కొలిచే కులం. నారళీ పున్నమికి రథం లాగి వచ్చి, రాత్రి టీవీలో ఆంజనేయులనే పేరు గలవాడు అప్పులవాళ్లను తప్పించుకు తిరగడం చూసి నవ్వవచ్చునా? పక్కింటి పెద్దాయన ఒకనాడు గుమ్మంలోంచే, “స్వామి పేరు వెట్టి గీ పరాశికమేందిరా?” అని గద్దించినాడు. మా అవ్వ బీడీల చేట ఒళ్లోంచి దింపకుండానే జవాబిచ్చింది: “మన గల్లీల అయిదుగురు ఆంజనేయులున్నరు గద అన్నా, ఎవడు కొండ మోస్తున్నడు?” పెద్దాయన నవ్వు ఆపుకోలేక లోపలికి వచ్చి కూర్చున్నాడు. తరువాత ఆయన ఒక్క వారం కూడా తప్పలేదు. పైగా ఒక విశేషం కూడా ఆయనే కనిపెట్టినాడు. అమృతం భార్య పేరు సంజీవిని. అమృతం, సంజీవిని రెండూ ఒకే ఇంట్లో ఉన్నవంటే ఆ హోటల్లో భోంచేసినవాళ్లకు అవసరం పడుతవనేనట!

ఇక అప్పాజీగారు తెరమీదికి వచ్చినప్పుడల్లా మా గదిలో నవ్వు రెండింతలయ్యేది. మాలో సగంమంది అద్దెకున్నవాళ్లమే. అద్దె పుచ్చుకునే పెద్దమనిషి కూడా తన ఇంట్లో రంగు సరిగా రాదని మా ఇంటికే వచ్చి ముందువరుసలో కూర్చునేవాడు. అందరికంటె గట్టిగా ఆయనే నవ్వేవాడు. మరునాడు అద్దె మాత్రం అడిగేవాడు.

ఈ సంగతులన్నీ ఉండగా, మాకు మరువరానిది పూర్తిగా చూసిన భాగం కాదు, సగం చూసినది. 2006 ప్రాంతం మాట. ఆ రోజుల్లో మహారాష్ట్రంలో కరెంటు కోత ఎట్లా ఉండేదో అనుభవించినవారికే తెలుసును. ఆ ఆదివారం అమృతం అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ వచ్చినాడు. అంజి దానికి కొసరు తగిలించినాడు. ఇక తలుపు తెరుచుకోవాలి, బండారం బయటపడాలి. టప్పున దీపాలు పోయినవి.

చీకట్లో ఒక నిమిషం ఎవరూ కదలలేదు. అప్పుడు మా అన్న కొడుకు, మరాఠీ బడిలో ఆరో తరగతి చదివేవాడు, “నేను చెప్తా, ఇప్పుడు అంజి ఏం చేస్తడంటే…” అని మొదలుపెట్టినాడు. వాడు చెప్పింది నచ్చక వాని చెల్లెలు మార్చింది. ఎదురింటి పిల్ల అప్పాజీ గొంతు పట్టింది. ఒకడు సర్వం అయినాడు. కొవ్వొత్తి వెలిగించేసరికి మా వెనుకగదిలో కథ చాలా దూరం పోయింది. అమృతం తువ్వాలు చుట్టుకుని కొంతం చౌక్ దాకా పరుగెత్తి వచ్చి, మా ఇంటి సాంచా కింద దాక్కున్నాడు కూడాను!

ఇందులో ఏమున్నదని అడుగవచ్చును. మా పిల్లలకు బడి మరాఠీ, బజారు మరాఠీ, స్నేహం మరాఠీ. తెలుగు అనగా వాళ్లకు తెలిసినది మూడు చోట్ల. ఇంట్లో తిట్లు, పూజలో మంత్రం వంటి మాటలు, పెళ్లి పత్రిక. అందులోనూ మా తెలుగు తాతలు తెలంగాణం నుంచి మూటగట్టుకు వచ్చినది, పైన మరాఠీ అద్దకం పడినది. పిల్లలు తమంతట తాము, ఎవరూ అడుగకుండా, అరగంటసేపు తెలుగులో కథ కట్టడం మేము చూడడం అదే మొదలు. మాటకు మాట తట్టక మధ్యలో మరాఠీ దొర్లింది. దొర్లితే ఏం? అంజి నోట దొర్లినట్లే దొర్లించినారు. మా అన్న చీకట్లో మాట్లాడకుండా కూర్చున్నాడు. కరెంటు వచ్చినాక కూడా సాంచాలు వెంటనే వేయలేదు.

మరునాడు కరెంటు పోని పేటలో చూసినవారు అసలు ముగింపు చెప్పినారు. పిల్లలు విని, “మాదే బాగున్నది” అని తీర్పు చెప్పినారు. మాకూ అట్లాగే తోచింది.

ఆ తరువాత పిల్లలు మాటల అర్థాలు అడగసాగినారు. ‘వెటకారం’ అంటే ఏమిటని ఒకనాడు ప్రశ్న. అది కోస్తావారి మాట, మాకు ‘ఎకసెక్కం’. అవ్వ అదే చెప్పింది. పిల్లవాడు ఆలోచించి, “అంటే టింగల్” అన్నాడు. ఒక్క హాస్యానికి మూడు మాటలు మా ఇంట్లో చేరినవి. మరాఠీవారికి చిం. వి. జోశీగారి చిమణరావు, గుండ్యాభావూ జంట ఉన్నది. బొంబాయి దూరదర్శన్‌లో దిలీప్ ప్రభావళ్కర్, బాళ కర్వే ఆ వేషాలు కట్టినారు. ఆ జంట కథలు మా పిల్లలకు బడి స్నేహితులు చెప్పేవారు. వీళ్లు బదులుగా అమృతాన్ని చెప్పసాగినారు. వాళ్లకు గుండ్యాభావూ, మాకు గుండు హనుమంతరావు!

ఆయన సంగతి ఒక ముక్క చెప్పాలి. అమృతం వేషం ముగ్గురు వేసినారు: మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, ఆపైన హర్షవర్ధన్. ముఖం మారినప్పుడల్లా మా గల్లీ రెండు పార్టీలై వాదించుకుంది. అయినా చూడడం మానలేదు. ఎందుకంటే అంజి మారలేదు. పేక ఎన్ని రంగులు మార్చినా పడుగు ఒకటే అయితే నేత చెడదు. ఆ పడుగు గుండు హనుమంతరావుగారు. ఎగిరి గంతేయడు, అరవడు. ముంచబోతున్నారని తెలిసిన మనిషి ముఖం పెట్టుకుని స్నేహితుని వెంట నడుస్తాడు. భాగస్వామ్యంలో సాంచాలు పెట్టి నష్టపోయినవారు మా వాడలో ఎందరో ఉన్నారు. వారికి ఆ ముఖం బాగా తెలుసు.

2018 ఫిబ్రవరి 19న ఆయన పోయినారు. ఆ వారమంతా గల్లీలో ఫోన్లలో పాత భాగాలే నడిచినవి. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ జీ5లో వచ్చింది. అంజిగా ఎల్.బి. శ్రీరామ్‌గారు. పెద్ద నటుడు, ఆయనలో లోపమేమీ లేదు. పూణెలో ఉద్యోగం చేస్తున్న ఆ చీకటినాటి పిల్లవాడు లాక్‌డౌన్‌కు ఇంటికి వచ్చి, అవ్వ పక్కన కూర్చుని ఫోనులో పెట్టి చూపించినాడు. అవ్వ కాసేపు చూసి, “మన అంజి ఏడిరా?” అని అడిగింది. వాడు చెప్పలేదు. పాత భాగం ఒకటి వెతికి పెట్టినాడు. ఏది పెట్టమంటావని అడిగితే, అవ్వ “నాడు కరెంటు పోయింది గద, గది” అన్నది. ఆ భాగం పేరేదో మాలో ఎవరికీ గుర్తు లేదు. వాడు ఇంకా వెతుకుతున్నాడు.