సంధ్య తప్పనివాడు

హైదరాబాదు, శాలిబండ
గురువారము

పూజ్యులగు నాన్నగారికి నమస్కారములు.

క్షేమముగా చేరితిని. చెల్లాయికి చూచిన వరుడు ముప్పూటల సంధ్య వార్చువాడని విని, సంబంధము సగము కుదిరినట్లే తలచి మీరు నన్నిచ్చటికి పంపితిరి. ఆ మాట నిజమేనని ఇరుగుపొరుగువా రెల్లరు చెప్పుచున్నారు. అయినను మనస్సు కుదుటబడక, సాయంకాలము మక్కా మసీదు ముంగిట పావురముల నడుమ చాలసేపు కూర్చుంటిని.

ఈ మసీదును గూర్చి పాతబస్తీలో ఒక కథ కలదు. నమాజు ఎన్నడును తప్పనివాడు వచ్చి తొలిరాయి ఉంచవలెనని ప్రకటింపగా ఎల్లరు వెనుకాడిరట. పండ్రెండవ ఏటినుండి అర్ధరాత్రపు నమాజు సైతము మానని సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా తానే ఆ రాయి ఉంచెనట. అట్టి నిష్ఠకు చేతులెత్తి మ్రొక్కుదును. కాని ఆ కట్టడమును 1694లో ముగించిన ఔరంగజేబునకును నమాజునందు లోపము లేదు. కన్నతండ్రిని ఆగ్రా కోటలో బంధించునపుడు గాని, అన్న దారాను చంపించునపుడు గాని, 1687లో గోలకొండను గెలిచి తానాషాను దౌలతాబాదు చెరకు పంపునపుడు గాని ఆ నిష్ఠ ఆయన చేయి పట్టుకొని ఆపలేదు.

శనివారము

గోలకొండలో రామదాసు బందీఖానా చూచి వచ్చితిని. మీరు పాడు కీర్తనలు జ్ఞప్తికి వచ్చి కన్నులు చెమర్చినవి. కాని పాల్వంచ తహసీలుదారుగా ఆ మహాభక్తుడు భద్రాద్రి గుడికి వెచ్చించినది రైతులు కట్టిన శిస్తు పైకము. తనకై ఒక్క కాసు వాడుకొనలేదు, నిజమే; అయినను ఒరులు నమ్మి అప్పగించిన ధనము విషయమున భక్తి ఆయనకు దారి చూపెనా, దారి తప్పించెనా యని ఆ చీకటిలో నిలిచి యోచించితిని. అంతటివానికే ఈ చిక్కు వచ్చినదిగదా! మీ రెట్టివారో నాకు తెలిసినది మీ పూజవలన కాదు నాన్నగారూ. పంట పోయిన ఏడు కౌలుదారుని మక్తా మీరు విడిచిపెట్టిన నాడు.

కావున నేడు వరుని ఇంట అంట్లు తోము అవ్వను పలుకరించితిని. రెండు నెలల జీతము నిలిచియున్నదనియు, అడుగబోయినపుడెల్ల అయ్యగారు పూజలో నున్నారను జవాబే వచ్చుననియు చెప్పినది. పొరపాటు కావచ్చును. రేపు వరునితోనే ఈ సంగతి మాటాడి వ్రాసెదను. అంతవరకు ముహూర్తము పెట్టింపకుడు. అమ్మకు నమస్కారములు.

మీ కుమారుడు